తాబేలు కాళ్లు కనబడితే

నబీ సాహెబ్‌కు కోపం వస్తే అరవడు, తిట్టడు. తట్ట ముందు కూర్చుని సంగటి ముద్దను అటు తిప్పి ఇటు తిప్పి, ఒక్క తునకైనా నోట పెట్టకుండా లేచిపోతాడు. ఇరవై ఏళ్ల కాపురంలో మొగుడి చేతిలో ముద్ద అట్లా తిరగడం హుసేనమ్మ మూడుసార్లే చూసింది. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో, ఊరికి నూనె ఇంజను వచ్చిన ఐదో రోజున, నాలుగోసారి చూసింది.

ఊరి పేరు ఎర్రగుడిసెలు. కోసిగికి రెండు కోసుల దూరం. వాన పడిన ఏడు అది ఊరు. పడని ఏడు తలుపులకు ముళ్లకంపలు అడ్డం పెట్టిన ఇళ్ల వరస. సగం జనం మూటాముల్లె సర్దుకుని కూలి వెతుక్కుంటూ దేశాల మీద పడతారు. కదలకుండా నిలిచే పది ఇళ్లకు ఆధారం ఒక్కటే, బసవరాజప్ప తోటబావి. దాని మీద ఇరవై రెండేళ్లు కపిల తోలినవాడు నబీ సాహెబ్. అంతకుముందు వాళ్ల నాయన తోలాడు.

కపిల చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. బావి గట్టున గిలకలు, గిలకల మీదుగా మోకు, మోకుకు ఒక కొసన తోలుబాన, ఇంకో కొసన ఎద్దుల కాడి. ఎద్దులు వాలు దారిలో దిగితే బాన పైకొచ్చి కాలువలోకి నీళ్లు గుమ్మరిస్తుంది. ఎద్దులు వెనక్కి నడిచి గట్టెక్కితే బాన మళ్లీ బావిలో మునుగుతుంది. ఎద్దును ముందుకు నడిపించడానికి ఎవడైనా చాలు. వెనక్కి నడిపించడంలో ఉంది పనితనమంతా. కొందరు ముల్లుగర్రతో నడిపిస్తారు. నబీ సాహెబ్ పాటతో నడిపించేవాడు. దిగేటప్పుడు మోకు మీద ఊయలలో కూర్చున్నట్టు కూర్చుని సగం చరణం, ఎక్కేటప్పుడు కర్రెన్న, బిల్లన్న అనే తన రెండెద్దుల మూతులు నిమురుతూ మిగతా సగం.

"తొలిబాన తొణికొచ్చె రా కర్రెన్నా, మలిబాన మడికొచ్చె పో బిల్లన్నా..."

ఆ పాటకు నలభై చరణాలు. చరణానికొక బాన. మొదటి ముప్పై బానలు బసవరాజప్ప మళ్లకు, చివరి పది బానలు ఉరుకుందమ్మ ఎర్రగడ్డల మడికి, అంటే ఉల్లిమడికి. బావి తవ్విన రోజుల్లో ఉరుకుందమ్మ మామ తన చేనిలోంచి ఒక ముక్క ఇచ్చాడు. దానికి బదులుగా కుదిరిన వంతు అది. కాగితం లేదు, సంతకం లేదు. ముప్పై ఒకటో చరణం వినబడగానే ఉరుకుందమ్మ పార భుజాన వేసుకుని కాలువకు గండి కొట్టేది. చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు సైతం ఆ పాట లెక్కనే నడుము ఎత్తేవాళ్లు, వంచేవాళ్లు.

ఇంకొక కట్టుబాటుంది. బావి లోపలి గోడకు, సగానికి కిందగా, ఒక రాతి మీద తాబేలు చెక్కి ఉంటుంది. మామూలు రోజుల్లో అది నీళ్లలోనే ఉంటుంది. బాన తోడేకొద్దీ ముందు దాని వీపు బయటపడుతుంది, తర్వాత తల. కాళ్లు కనబడ్డాయంటే చాలు, ఎవరు అడిగినా ఎంత అవసరమున్నా, ఎద్దుల్ని విప్పేయాలి. మళ్లీ ఊట వచ్చి తాబేలు మునిగేదాకా కాడి ఎత్తకూడదు. ఎందుకని నబీ సాహెబ్ చిన్నప్పుడు నాయనను అడిగాడు. "మా నాయన ఇప్పమన్యాడు, ఇప్పుతాండా" అన్నాడు ఆయన. అంతకు మించి ఆయనకూ తెలియదు. కరువు ఏళ్లలో కూడా నబీ సాహెబ్ ఆ మాట దాటలేదు.

బసవరాజప్ప చెడ్డవాడని ఎవరూ అనరు. అయితే కొత్తదంటే పడిచస్తాడు. ఊళ్లో మొదటి గడియారం ఆయనదే, మొదటి కళ్లజోడూ ఆయనదే. చూపు బాగానే ఉందనుకోండి. ఆదోనిలో ఎక్కడో నూనె ఇంజను నీళ్లు తోడడం చూసొచ్చి, తిండి సహించక, నిద్ర పట్టక, పిల్లవాడు బొమ్మకోసం మారాం చేసినట్టు ఇంటిల్లిపాదినీ వేధించి, చివరికి తెప్పించాడు. రైల్లో కోసిగి దాకా వచ్చింది. అక్కడినుంచి నాలుగు జతల ఎద్దులు లాగితే ఊరు చేరింది. బావి పక్కన గోడకు ఆనుకుని మెట్టులాగా లోతుగా తవ్వి, ఇంజనును, పంపును అందులో కూర్చోబెట్టారు. పంపు గొట్టం తాబేలును దాటి బావి అడుగుదాకా దిగింది. కపిల గిలకలు ఊడదీసి కొట్టంలో పడేశారు. కర్రెన్నను, బిల్లన్నను బండికి మార్చారు.

"నబీ, నువ్వే డ్రైవరు" అన్నాడు బసవరాజప్ప. "ఇంగ ఎద్దుల పేడ ఎత్తే పని ల్యాదు. కుర్చీలో కూర్చోని దొరలెక్క నీళ్లు తోడు."

నేర్పడానికి ఆదోని నుంచి దావీదురాజు అనే మేస్త్రీ వచ్చాడు. పాతికేళ్ల కుర్రవాడు, నిక్కరు వేసుకుంటాడు, జేబులో స్పానరు. పని తెలిసినవాడే, మనిషీ మంచివాడే. అయితే ఇంజను తప్ప లోకంలో ఇంకేదీ చెడిపోదని అతని నమ్మకం.

ఆ ఇంజనుకు ముందువైపు ఇనుప బుడ్డి ఒకటి ఉంటుంది. మంట దీపంతో దాన్ని ఎర్రబడేదాకా కాల్చాలి. అప్పుడు పెద్ద చక్రాన్ని వెనక్కి ఒక ఊపు ఊపి, సరిగ్గా సమయం చూసి వదలాలి. సమయం తప్పితే చక్రం ఎగదంతుంది. మొదటి రోజే, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా, అది నబీ సాహెబ్‌ను ఎగదన్నింది. మనిషి వెళ్లి బురద కాలువలో వెల్లకిలా పడ్డాడు. "డ్రైవర్ సాయిబు ఈత కొడతాండాడప్పా" అని ఎవడో అన్నాడు. నవ్వనివాళ్లు లేరు. ఆ తర్వాత మూడు రోజులూ చక్రం తిప్పింది దావీదురాజే. నబీ సాహెబ్ పక్కన నూనె డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

ఇదీ ఐదో రోజు సాయంత్రం ముద్ద తిరగడానికి కారణం.

"ఏమయింది?" అంది హుసేనమ్మ.

"కొలువు ఇడిసిపెడతాండా." ముద్ద తట్టలో పెట్టేశాడు. "మీ తమ్ముడు డోన్ నుంచి చెప్పంపినాడు గదా, గూడ్సు షెడ్డులో మూటలు మోసే పని ఉండాదని. వచ్చే వారం శుక్రవారానికంతా రమ్మన్యాడు. పోదాం."

హుసేనమ్మ తమ్ముడు జమాల్ బాషా డోన్ స్టేషన్లో హమాలీ. బావకు పని చూసి పెట్టమని ఆమే ఒకప్పుడు అడిగింది కాబట్టి, ఇప్పుడు కాదనడానికి నోరు రాలేదు.

"ఎందుకు ఇడుస్తాండావు?"

"కంపు. నా పక్కన నేనే పండుకోల్యాకపోతాండా. కర్రెన్న నన్ను సూసి బుస కొట్టి మొహం తిప్పుకుంటాండాది. సిన్న దూడగా ఉన్నప్పుడు నా సేత్తో గడ్డి తిన్న ఎద్దు మే అది. ఆ సప్పుడులో పాట ల్యాదు, మాట ల్యాదు. నోరు మూసుకోని సక్రాన్ని సూస్తా నిలబడేది పనేనా?"

"ఇంగా?"

"ఇంగేముండాది?"

"సక్రం ఎగదంతే ఊరంతా నగింది గదా. అది చెప్పల్యా నువ్వు."

నబీ సాహెబ్ చెంబు ఎత్తి నీళ్లు తాగాడు.

"ఇడువు, నేనొద్దన్ల్యా" అంది హుసేనమ్మ. "నువ్వు యాడికి పోతే ఆడికి నేను. అయితే ఈ పొద్దు ఇడిస్తే 'ఆడల్యాక మద్దెల ఓడు' అంటారు. ఆ ఇంజను నీ మాట ఇన్యాక ఇడువు. అప్పుడు నచ్చక ఇడిసినాడంటారు. చేతగానోని పెండ్లామని అనిపిచ్చుకోని డోన్ బండెక్కేది నాకిష్టం ల్యా."

చెప్పొద్దూ, ఆ మాట నబీ సాహెబ్‌కు పుండు మీద కారం చల్లినట్టయింది. తట్ట దగ్గరికి లాక్కుని సంగటంతా తినేశాడు.

మరుసటి రోజు పొద్దున్నే, తెల్లారీ తెల్లారకముందే, దావీదురాజు ఇంకా కంబళి కింద ఉండగానే, నబీ సాహెబ్ ఇంజను ముందు నిలబడ్డాడు. బుడ్డి కాల్చాడు. చక్రం పట్టాడు. ఎగదన్నింది. ఈసారి పడలేదు. మళ్లీ పట్టాడు. మళ్లీ ఎగదన్నింది. కళ్లు మూసుకున్నాడు. గట్టెక్కే ఎద్దు వెనక్కి నడిచేటప్పుడు ఒక చోట ఊపిరి బిగబడుతుంది, సరిగ్గా అప్పుడే మోకు వదులు చేయాలి. చక్రంలోనూ అలాంటి చోటొకటి చేతికి తగిలింది. వదిలాడు. టప్ అంది. మళ్లీ టప్ అంది. ఆ తర్వాత ఊరంతా నిద్ర లేచింది.

దావీదురాజు కంబళితోనే పరుగెత్తుకొచ్చాడు. "సాయిబన్నా, ఎవరు తిప్పినారు?"

"నీ అమ్మమ్మ తిప్పింది. పో, మొగం కడుక్కో."

నాలుగు రోజులు తిరిగేసరికి, దూరంగా చేనిలో ఉండి కూడా చప్పుడు విని చెప్పేవాడు: నూనె తక్కువైందనో, పంపు తిప్పే పట్టా జారుతోందనో, గొట్టంలో గాలి చేరిందనో. దావీదురాజు స్పానరుతో విప్పి చూస్తే అదే నిజమయ్యేది. ఊళ్లో నవ్వు ఆగిపోయింది. కంపు మాత్రం ఆగలేదు. పని వచ్చిందే గానీ నచ్చలేదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ నబీ సాహెబ్ పెదవులు కదిలేవి, ఆ పాట ఎవరికీ వినిపించేది కాదు, అతనికి కూడా.

ఆదివారం నాడు బసవరాజప్ప ఎదురుగా నిలబడి చెప్పేశాడు. "అప్పా, పని నేర్చుకున్యా. అయితే నాకు సరిపోల్యా. శుక్రవారం డోన్‌కు పోతాండా. ఇంకొకర్ని పెట్టుకో."

బసవరాజప్ప కళ్లజోడు తీసి తుడిచాడు. "పది ఊర్ల రైతులను బేస్తవారం పిలిపిచ్చినా నబీ, ఇంజను సూడనీకి. ఆ పొద్దు వరకు నిలబడు. ఆమీన నీ ఇష్టం."

సరేనన్నాడు. మాట ఇచ్చాక ఇంటికి పోతుంటే ఉరుకుందమ్మ ఎదురైంది. మొగుడు పోయి పదేళ్లయింది ఆమెకు. ఎర్రగడ్డల మడే ఆమెకు కూడూ గుడ్డా.

"నబీ, నువ్వు పోతాండావంట గదా."

"పోతాండా అక్కా."

"నా మడికి నీళ్లొచ్చి తొమ్మిదినాళ్లయింది. బసవరాజప్పను అడిగితే, ఇంజనుకు బానలుండవు గదమ్మా, పది బానలని యాడ లెక్క పెట్టేది, సూద్దాములే అంటాండాడు." ఆమె ఏడవలేదు. పారను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "పాట ఆగిపోయినపుడే అనుకున్యా. నువ్వు పోయేది పో నాయనా. నీ కడుపు నువ్వు సూసుకోవద్దా."

నబీ సాహెబ్ తలవంచుకుని ఇంటికి పోయాడు. హుసేనమ్మ అప్పటికే గిన్నెలు గోనెసంచిలో కడుతోంది.

బేస్తవారం వచ్చింది. పది ఊళ్ల నుంచి బండ్లు వచ్చాయి. తెల్ల పంచెలు, ఎర్ర తలగుడ్డలు, వక్కాకు నోళ్లు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, బసవరాజప్ప పొద్దు పుట్టకముందే సిల్కు చొక్కా తొడుక్కుని గట్టు మీద తిరుగుతున్నాడు. "పొద్దున మొదలుపెడితే మధ్యాన్నం దాకా ఆగకుండా పారుతుంది సూడండప్పా. ఎద్దుకైతే అలుపు, దీనికి అలుపు ల్యాదు" అని వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

నబీ సాహెబ్ బుడ్డి కాల్చి చక్రం వదిలాడు. ఒక్క దెబ్బకే అందుకుంది. గొట్టం మూతి దగ్గర ముందు గాలి బుసకొట్టింది, ఆ వెంటనే మనిషి తొడంత లావున నీళ్లు ఎగిసి కాలువలో పడ్డాయి. పది ఊళ్ల రైతులు ఒక్కసారిగా "ఔరా" అన్నారు. ముసలి రైతు ఒకాయన వంగి, దోసిట్లో నీళ్లు పట్టి కళ్లకద్దుకున్నాడు. ఈ కరువు సీమలో నీళ్లను చూస్తే అట్లానే చేస్తారు మరి, అది తోలుబానలోంచి వచ్చినా ఇనుప గొట్టంలోంచి వచ్చినా.

గంట గడిచింది. ఇన్నాళ్లూ ఇంజనును ఏ రోజూ అంతకు మించి తిప్పలేదు. నబీ సాహెబ్ బావిలోకి చూశాడు. తాబేలు వీపు బయటపడింది. కాసేపటికి తల. ఇంకాసేపటికి కాళ్లు.

అతను గట్టెక్కి బసవరాజప్ప దగ్గరికి పోయాడు. చప్పుడులో వినబడదని చెవి దగ్గరే చెప్పాడు. "అప్పా, కాళ్లు కనపడినాయి. ఇప్పేద్దాం."

"ఏంది ఇప్పేది? ఈడ ఎద్దులుండాయా?" బసవరాజప్ప నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. "మధ్యాన్నం వరకు అని చెప్పినా గదా అందరికీ. ఇంజనుకు అలుపేంది?"

"ఇంజనుకు ల్యాకపోవచ్చు. బావికి ఉండాది."

దావీదురాజు కల్పించుకున్నాడు. "సాయిబన్నా, గొట్టం ఇంకా శానా లోతు ఉండాది. అడుగు వరకు తోడుతుంది, ఏం కాదు."

బసవరాజప్పకు పదిమందిలో చిన్నతనమనిపించింది. గొంతు పెంచాడు. "నబీ, నువ్వు ఎట్లాగూ రేపు పొయ్యేవానివి. ఈ పొద్దు నీకెందుకు ఈ గొడవ? పో, ఆడ నీడలో కూర్చో. దావీదు సూసుకుంటాడు."

నిజమే కదా. నబీ సాహెబ్ పోయి గోడ నీడలో కూర్చున్నాడు. రేపు పొద్దున్నే కోసిగిలో బండెక్కితే, గుంతకల్లులో మారితే, సాయంత్రానికి డోన్. ఈ బావి ఎవరిది, ఈ ఇంజను ఎవరిది? ఇంటి దగ్గర గోనెసంచి కట్టి ఉంది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తువ్వాలూ నూనె కంపే.

కానీ కూర్చోలేకపోయాడు. లోపల ఏదో రగులుతోంది. ఎవరి మీదా ఈ కోపం? అవమానించిన బసవరాజప్ప మీద కాదు. అట్లాంటి మాటలు ఆయన ఎన్నోసార్లు అన్నాడు, ఇతను ఎన్నోసార్లు దులిపేసుకున్నాడు. లేచి వచ్చి బావిలోకి తొంగి చూశాడు. తాబేలు కాళ్లకు కింద మూరెడు గోడ బయటపడి నల్లగా నిగనిగలాడుతోంది. తన నాయన చూడని రాయి అది, తన తాత చూడని రాయి. అప్పుడు తెలిసింది. రేపు పోయేవాడికి ఈ పొద్దు కోపం రాదు. వచ్చిందంటే, తను పోయేవాడు కాదు. ఎద్దులు పోయినా, గిలకలు పోయినా, ఇరవై రెండేళ్లు తను చేసిన కొలువు ఎద్దుల దగ్గర కాదు. ఆ తాబేలు దగ్గర. అది ఇంకా అక్కడే ఉంది.

ఇక ఆగలేదు. మెట్టు దిగాడు. దావీదురాజు చెయ్యి అడ్డం పెట్టబోతే దాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. నూనె మూత తిప్పి కట్టేశాడు. టప్, టప్ అని రెండు కొట్టుకుని ఇంజను ఆగిపోయింది.

"ఏం పని ఇది?" బసవరాజప్ప మొహం ఎర్రబడింది.

గంటన్నర సేపు చెవులు దిబ్బళ్లు పడేలా మోగిన చప్పుడు ఆగిపోయింది కదా, ఆ నిశ్శబ్దంలో చిన్న శబ్దం ఒకటి వినబడింది. పొలపొల, పొలపొల. ఇసక జారే శబ్దం. మధ్యమధ్య ఒక గులకరాయి నీళ్లలో పడి బుడుంగుమంది. ముందుగా విన్నది దావీదురాజే. బావి మీదికి వంగి, అట్లానే నిలబడిపోయాడు.

తాబేలు కింద, రాతికీ రాతికీ మధ్య సందుల్లోంచి ఎర్ర ఇసక ధారగా కారుతోంది. మూరెడు కింద రాయి ఒకటి జానెడు ముందుకు పొడుచుకొచ్చింది. తాబేలు మీది గోడంతా గట్టి నేలకు ఆనుకుని కట్టింది. దాని కింద ఉన్నది ఉత్త ఇసక పొర. నీళ్లు నిండుగా ఉన్నంతకాలం ఆ నీళ్లే ఇసకను ఒత్తిపట్టుకుని నిలబెడుతూ వచ్చాయి. నీళ్లు పోతే పట్టేదెవరు? పైన సరిగ్గా అక్కడే, గోడకు ఆనుకుని, ఇంజనును కూర్చోబెట్టారు. ఇంకొక్క గడియ తిరిగి ఉంటే గోడ, ఇంజను, దాని పక్కనున్న మనుషులు అందరూ కలిసి బావి అడుగున ఉండేవాళ్లు.

చూస్తుండగానే పొడుచుకొచ్చిన ఆ రాయి ఊడి పడింది. గట్టు మీద నిలబడ్డ పది ఊళ్లవాళ్లు తలో పది అడుగులు వెనక్కి వేశారు. కదలని వాడు నబీ సాహెబ్ ఒక్కడే. తాత నాటి మాటకు అర్థం అతనికీ ఇప్పుడే తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు తెలియకుండానే సరిగ్గా కాపలా కాశాడు.

మొహంలో నెత్తురు చుక్క లేకుండా బసవరాజప్ప మెట్టు దగ్గరికి వచ్చాడు. "దావీదూ, నువ్వు పైకి రా" అన్నాడు ముందు. తర్వాత నబీ సాహెబ్ వైపు తిరిగాడు. అందరి ముందూ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నబీ, రేపు పోతాండావా?"

"పోను."

"ఏమన్నా అడుగు."

నబీ సాహెబ్ అడగడానికి తడుముకోలేదు. "గొట్టం మూతి తాబేలు కాళ్ల కాడికి ఎత్తల్ల. కాళ్లు కనపడితే నేను ఇప్పమంటా, అప్పుడు తాసిల్దారు వచ్చి నిలబడినా ఇప్పల్ల. ఉరుకుందక్క వంతు ఆమెకు పారల్ల."

"ఒప్పుకున్యా. అయితే ఆమె వంతు ఎట్ల కొలిచేది? బానలు ల్యావు గదా."

"పాట ఉండాది గదప్పా."

దావీదురాజు ఆదోని పోవాల్సినవాడు ఇంకో వారం నిలిచి, ఇంజనును గోడకు దూరంగా గట్టి నేల మీదికి మార్చి, గొట్టం ఎత్తి, ఊడిన చోట రాయి పేర్పించాడు. అన్నాళ్లూ నబీ సాహెబ్ వెనకే తిరిగాడు. "సాయిబన్నా, ఇంగ యా ఊర్లో ఇంజను పెట్టినా ముందు ఆ ఊరి కపిల తోలేవాన్ని పిలిచి అడుగుతా" అన్నాడు పోతూ పోతూ.

ఇంజను మళ్లీ కట్టిన పొద్దున ఊరంతా వచ్చింది. నబీ సాహెబ్ చక్రం వదిలాడు. ఆ చప్పుడుకు మించి గొంతెత్తి మొదలుపెట్టాడు. ఇంజను కొట్టే దెబ్బలకు సరిగ్గా నాలుగింటికొకసారి పాట తాళం పడింది. పదిహేను రోజులుగా అతని పెదవులు కదిలింది ఇందుకేనని అప్పుడు తెలిసింది. తొలిబాన తొణికొచ్చె రా కర్రెన్నా. చేలల్లో ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. ముప్పై ఒకటో చరణం దగ్గర ఉరుకుందమ్మ పార ఎత్తి గండి కొట్టింది. నీళ్లు ఆమె మడిలోకి తిరిగాయి. ఈసారి మాత్రం ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే మడవలు మార్చింది.

హుసేనమ్మ ఇంటికి పోయి గోనెసంచి విప్పింది. గిన్నెలు కడిగి మళ్లీ వరసగా పెట్టుకుంది.

ఆ తర్వాత పదకొండేళ్లు నబీ సాహెబ్ ఆ ఇంజను నడిపాడు. ఆ బేస్తవారం వచ్చిపోయిన ఊళ్లలో ఐదూళ్లవాళ్లు ఇంజన్లు తెచ్చుకున్నారు. తెచ్చుకున్న ప్రతివాళ్లూ బండి పంపి ముందు అతన్ని పిలిపించుకున్నారు. బావిలోకి దిగి, గోడలు తట్టి, ఊట చూసి, ఇక్కడిదాకా అని చెయ్యి పెడితే, అక్కడ ఒక తాబేలు చెక్కేవాళ్లు. కర్రెన్న కూడా దారికొచ్చింది. క్రూడాయిలు పీపాలు మోసి మోసి దానికీ అదే కంపు పట్టింది. ఇక మొహం తిప్పుకోవడానికి ఏముంది?

నలభై ఏడులో, స్వరాజ్యం వచ్చిన వారం, జమాల్ బాషా సెలవు పెట్టి అక్కను, బావను చూడడానికి వచ్చాడు. గట్టు మీద బావ పక్కన కూర్చున్నాడు. ఇంజను కొట్టుకుంటోంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"బావా, ఆ పొద్దు నీకోసరం చెప్పి పెట్టిన పని ఇంకొకరికి ఇస్తిమి. ఈ కంపులో, ఈ సప్పుడులో పదకొండేండ్లు ఎట్ల ఉంటివి? నీకు ఇది నచ్చిందా?"

"నచ్చింది యాడిది? ఈ పొద్దుకీ నా తువ్వాలు నేను ముక్కు కాడ పెట్టుకోల్యాను. నీకు నిజం చెప్తా సూడు, ఆ పొద్దు నేను నిలిచింది ఎందుకంటే..."

మాట మధ్యలో అతని చూపు బావిలోకి పోయింది. మనిషి లేచి నిలబడ్డాడు. అరవై ఏళ్ల గొంతు ఇంజను చప్పుడును దాటి తోటంతా మోగింది.

"కాళ్లు కనపడినాయి, ఇప్పండప్పా."

ఇంజను ఆగింది. కాలువ పొడుగునా మనుషులు పారలు దించి నీడకు చేరారు. బసవరాజప్ప కూడా గొడుగు మడిచి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు, ఊట వచ్చేదాకా.